మన పిల్లలకు అంతర్జాలంలో ఏముంది?

(ముద్దనూరులో జరిగిన ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉపాధ్యాయులకూ, తెలుసుకోవాలన్న ఆసక్తి గలవారికీ పనికివచ్చే వెబ్‌సైట్ల గురించి మాట్లాడమని నన్ను కోరారు. నేను కంప్యూటరు నిపుణుణ్ని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. రికార్డు గదిలో ఏ బీరువాలో ఏ కట్ట ఉందో వెతికి పట్టుకోవడం నాకు అలవాటైన విద్య. అంతర్జాలం కూడా అటువంటి రికార్డు గదే, కాకపోతే చాలా పెద్దది. అందులో మనకు అవసరమైన కట్టలు ఎక్కడున్నాయో కొన్ని చెప్పగలను. అంతకు మించి సాంకేతిక ప్రశ్నలుంటే, వెనుక వరుసలో కూర్చున్న యువకులను అడగండి.

ముందుగా ఒక లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం మాత్రమేనని అది తేల్చింది. పురుషులలో దాదాపు 49 శాతం. ఇది అన్ని మతాలవారికీ కలిపిన లెక్క. మన ఇళ్లలో పరిస్థితి వేరుగా ఉందని చెప్పగల ధైర్యం ఇక్కడ ఎవరికైనా ఉన్నదా? ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోను ఉంటే అది అన్న జేబులో ఉంటుంది. పదో తరగతి చదివే చెల్లెలు పాఠం చూసుకోవాలంటే అన్న నిద్రపోయేదాకా వేచి ఉండాలి. ఫోను ఇస్తే ఆడపిల్ల చెడిపోతుందని భయపడే తండ్రి, కొడుకు అదే ఫోనులో రాత్రి రెండు గంటల దాకా ఏం చూస్తున్నాడో అడగడు. ఈ మాట కొందరికి కష్టంగా తోచవచ్చు. కానీ నేను ఈరోజు చెప్పబోయే మంచి వెబ్‌సైట్లన్నీ ముందు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి కనుక చెప్పక తప్పలేదు.

ఇక కట్టలు విప్పుదాం.

మొదట మన ఊరి సంగతితోనే మొదలుపెడతాను. గండికోట చూడటానికి వచ్చేవారు చాలాకాలం పాటు మన ముద్దనూరు రైల్వే స్టేషనులోనే దిగేవారు. అక్కడి జామియా మసీదును, దాని సమీపంలోని మాధవరాయ ఆలయాన్ని, పెన్నా లోయను మన పిల్లలు ఎన్నోసార్లు చూసి ఉంటారు. సెల్ఫీలు కూడా దిగి ఉంటారు. ఆ కోట గురించి మూడున్నర శతాబ్దాల కిందట ఒక విదేశీయుడు కళ్లారా చూసి రాసిన పుస్తకం ఉన్నదని, దాన్ని పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని చదవవచ్చునని ఎందరికి తెలుసు? ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తాను వద్ద మంత్రిగా ఉన్న మీర్ జుమ్లా అప్పుడు అక్కడ విడిది చేసి ఉన్నాడు. ఆయన కార్యాలయం నడిపే తీరును టావెర్నియే వర్ణించాడు. వచ్చిన ఉత్తరాలను మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లోనూ, ఎడమచేతి వేళ్ల మధ్యా ఇరికించుకుని కూర్చునేవాడట. ఒక్కొక్కటే తీస్తూ ఇద్దరు లేఖకులకు జవాబులు చెబుతూ, కొన్నిటికి తానే స్వయంగా రాస్తూ ఉండేవాడట. ఈ భాగం చదివినప్పుడు గుమాస్తాగా నాకు నవ్వు ఆగలేదు. మా కాలంలో కాగితాలు బల్ల మీద పేరుకుపోయేవి. ఆ మహానుభావుడు బల్ల అవసరమే లేకుండా, తపాలా అంతా ఆ కూర్చున్న పాటునే పరిష్కరించేవాడన్నమాట!

ఈ పుస్తకానికి 1889లో వెలువడిన ఇంగ్లీషు అనువాదం ‘ఆర్కైవ్ డాట్ ఆర్గ్’ అనే వెబ్‌సైటులో ఉన్నది. దీనినే ఇంటర్నెట్ ఆర్కైవ్ అంటారు. 1996లో అమెరికాలో లాభాపేక్ష లేకుండా మొదలైన గ్రంథాలయం ఇది. మన దేశపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసిన పాత తెలుగు, ఉర్దూ, పారశీక పుస్తకాలు కూడా అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. గ్రిబుల్ అనే అధికారి 1875లో ప్రచురించిన కడప జిల్లా మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915లో వెలువరించిన కడప జిల్లా గెజెటీరు కూడా ఆ కోవలోనివే. సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఒక్క ఆదివారం ఈ పుస్తకాలకు కేటాయిస్తే, తమ తాలూకా గురించి పాఠ్యపుస్తకంలో లేని పది సంగతులు తరగతిలో చెప్పగలుగుతారు. తెల్లదొరల రాతలు కనుక వారి కళ్లద్దాలు వారికి ఉంటాయి. ఆ విషయం కూడా పిల్లలకు చెప్పి చదివించాలి.

ఇక్కడ ఒక సూచన. వెతికేటప్పుడు గండికోట అని తెలుగులో కొడితే పాత ఇంగ్లీషు పుస్తకాలు దొరకవు. గ్రంథకర్త పేరుతో వెతకాలి. ఇంగ్లీషు తెలిసిన ఉపాధ్యాయుడు పక్కన కూర్చుంటే పిల్లవాడికి అయిదు నిమిషాల పని.

తర్వాతి కట్ట నిఘంటువులది. సి.పి. బ్రౌన్ పేరు కడప జిల్లాలో కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తున్నది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కానీ బ్రౌన్ మరొక పని చేశాడు. దాన్ని మనవాళ్లు తలచుకోరు. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, పారశీ, హిందుస్తానీ మాటలను ప్రత్యేకంగా ఏరి 1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రచురించాడు. ‘ఆంధ్రభారతి’ అనే వెబ్‌సైటు ఇటువంటి నిఘంటువులను ఒకేచోట చేర్చి పెట్టింది. బి. రామరాజు గారి ఉర్దూ-తెలుగు నిఘంటువు కూడా అక్కడ ఉన్నది. ఒక మాట కొడితే అన్ని నిఘంటువుల్లోని అర్థాలూ ఒకేసారి వస్తాయి.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఆట చెప్పండి. దస్తావేజు, రసీదు, జవాబు, వకీలు, తహసీల్దారు, కచేరి, జిల్లా, హాజరు, ఖర్చు, జమ, బాకీ. ఈ మాటలు ఏ భాష నుంచి వచ్చాయో నిఘంటువులో వెతికి రమ్మనండి. నా ఉద్యోగం పేరు గుమాస్తా కూడా పారశీ మాటే. తెలుగు తరగతిలో ముస్లిం పిల్లవాడు, ఉర్దూ మాటలు తెలిసినందువల్ల, మిగిలినవారికంటే ముందు చేయి ఎత్తగల సందర్భం ఇది. “మీ భాష వేరు, మా భాష వేరు” అని ఎవరైనా అన్నప్పుడు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, ఈ జాబితా చూపితే చాలు.

ఉర్దూ విషయానికి వద్దాం. 2022లో చట్ట సవరణ ద్వారా ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఉర్దూ రెండో అధికార భాష అయింది. కాగితం మీద అయింది. ఇళ్లలో చూస్తే తాతకు ఉర్దూ చదవడం వచ్చు, తండ్రికి కూడబలుక్కుని వస్తుంది, మనుమడికి లిపే తెలియదు. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివిన ఈ పిల్లలను నిందించి లాభం లేదు. వారి కోసం ‘రేఖ్తా’ అనే వెబ్‌సైటు ఉన్నది. సంజీవ్ సరాఫ్ అనే పారిశ్రామికవేత్త 2013లో దీన్ని నెలకొల్పారు. మీర్, గాలిబ్ మొదలుకొని నేటి కవుల దాకా వేల గజళ్లు అక్కడ ఉర్దూ లిపిలోనూ, దేవనాగరిలోనూ, ఇంగ్లీషు అక్షరాలలోనూ కనిపిస్తాయి. తెలియని మాట మీద వేలు ఆనిస్తే అర్థం వస్తుంది. లిపి నేర్చుకోదలచినవారికి అదే సంస్థ ‘ఆమోజిష్’ అనే మరొక వెబ్‌సైటు నడుపుతున్నది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారు ఉర్దూ మాధ్యమంలో తయారుచేసిన పాఠాల వీడియోలు యూట్యూబులో ఉన్నాయి. ఉర్దూ మీడియం ఉపాధ్యాయులు వాటిని తప్పక పరిశీలించాలి.

మన ఇళ్లలో మాట్లాడే దక్కనీని ఉత్తరాదివారు విని నవ్వుతారు. ‘నక్కో’, ‘హౌ’ అంటే సినిమాల్లో హాస్యం కింద పెడతారు. ఉర్దూలో మొదటి సంపూర్ణ దీవాన్ సంతరించిన కవిగా పేరుపొందిన మహమ్మద్ కులీ కుతుబ్ షా రాసింది ఈ దక్కనీలోనే. ఆయన కవితలు కూడా రేఖ్తాలో ఉన్నాయి. మన నానీ మాట్లాడే మాట అందులో అచ్చుగా కనబడినప్పుడు పిల్లల ముఖాలు చూడండి.

ఇప్పుడు తరగతి గదిలోకి వద్దాం. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘దీక్షా’ గురించి ఉపాధ్యాయులకు నేను చెప్పవలసిన పని లేదు; శిక్షణల పేరుతో దాంతో వారు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారని నాకు తెలుసు. తల్లిదండ్రులకు మాత్రం చెబుతాను. మీ పిల్లల పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ల చతురస్రం కనిపిస్తుంది. దాన్ని క్యూఆర్ కోడు అంటారు. దీక్షా యాప్‌తో దాన్ని ఫోటో తీసినట్టు చూపితే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ఎన్‌సీఈఆర్‌టీ వారి వెబ్‌సైటులో అన్ని తరగతుల పుస్తకాలు ఇంగ్లీషు, హిందీలతో పాటు ఉర్దూలోనూ ఉచితంగా దింపుకోవచ్చు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు కోచింగు కేంద్రానికి డబ్బు కట్టేముందు ఈ పుస్తకాలు ఆరు నుంచి పన్నెండు దాకా చదివితే, తర్వాత కోచింగు అవసరమో కాదో వారికే తెలుస్తుంది.

ప్రయోగశాల లేని పాఠశాలల ఉపాధ్యాయులకు ‘ఫెట్’ అనే వెబ్‌సైటు అల్లా ఇచ్చిన వరం అనవచ్చు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో దీన్ని ప్రారంభించారు. విద్యుత్ వలయం, తరాజు, నీటిపై తేలడం, మునగడం, భిన్నాలు ఇలా ఒక్కో విషయానికి ఒక్కో బొమ్మ ప్రయోగం ఉంటుంది. పిల్లవాడే తీగలు కలిపి బల్బు వెలిగించవచ్చు. తప్పు కలిపితే తెర మీద మంట కనిపిస్తుందే గాని ఎవరికీ షాకు కొట్టదు. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మన ఊరి పక్కనే ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలను రోజూ చూసే పిల్లలకు, తిరిగే అయస్కాంతం నుంచి కరెంటు ఎలా పుడుతుందో ఇక్కడ చూపించవచ్చు. ఆ తర్వాత, విద్యుత్ కేంద్రం వారి అనుమతి దొరికితే, అసలు యంత్రాలనే చూపించవచ్చు.

కంప్యూటరే లేని బడి మాటేమిటి అంటారా? అరవింద్ గుప్తా అనే ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలు, పాత సీసాలతో విజ్ఞానశాస్త్రపు బొమ్మలు చేయడం నేర్పుతూ జీవితమంతా గడిపారు. 2018లో పద్మశ్రీ పొందారు. ఆయన వెబ్‌సైటులో వందల బొమ్మల తయారీ విధానాలు, పిల్లల పుస్తకాలు ఉన్నాయి. ఉపాధ్యాయుడు ఇంటి దగ్గర ఒకసారి చూసి వస్తే చాలు, బడిలో ఇంటర్నెట్ అక్కరలేదు. చిన్నపిల్లలకు కథల కోసం ప్రథమ్ బుక్స్ వారి ‘స్టోరీవీవర్’ ఉన్నది. 2015లో మొదలైన ఈ వెబ్‌సైటులో బొమ్మల కథలు తెలుగులో, ఉర్దూలో ఎన్నో ఉన్నాయి. ఎవరైనా చదవవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, ఒక భాష నుంచి మరొక భాషలోకి అనువదించి అక్కడే పెట్టవచ్చు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన ఆపాలు వేసవి సెలవుల్లో తలా రెండు కథలు అనువదిస్తే ఎంత మేలు!

లెక్కల కోసం ‘ఖాన్ అకాడెమీ’ పేరు చాలామంది విని ఉంటారు. సల్మాన్ ఖాన్ అంటే సినిమా నటుడు కాదు. తండ్రిది బంగ్లాదేశ్‌లోని బరిసాల్. ఆయన మాత్రం అమెరికాలోనే పుట్టారు. 2004లో దూరంగా ఉన్న తన చుట్టాలమ్మాయికి ఫోనులో లెక్కలు చెప్పడంతో మొదలైన పని క్రమంగా ప్రపంచమంతా వాడే పాఠశాల అయింది. ఒక ఆడపిల్లకు లెక్కలు రావడం లేదని ఒక ఉద్యోగి సాయంత్రాలు కేటాయించడంతో ఇదంతా జరిగింది. మన పట్టణాల్లో ఉద్యోగాలు చేస్తున్న యువకులకు కూడా చెల్లెళ్లు, మేనకోడళ్లు ఉన్నారు.

వినోదం గురించి కూడా చెప్పమన్నారు. నాకు బాగా నచ్చినది ఆకాశం చూపించే ‘స్టెల్లేరియం’. ఇది ఉచిత ప్రోగ్రాము. ఊరి పేరు, తేదీ ఇస్తే ఆ రాత్రి ఆకాశంలో ఏ నక్షత్రం ఎక్కడ ఉంటుందో చూపిస్తుంది. ఇక్కడ మనకు ఒక విశేషం ఉన్నది. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అని మన రైతులు అంటారు కదా, ఆ రోహిణి నక్షత్రాన్ని ఇంగ్లీషువారు ఆల్డెబరాన్ అంటారు. అది అరబ్బీ మాట. అద్దబరాన్, అంటే వెంట నడిచేది. దేని వెంట? ముందు నడిచే కృత్తికల వెంట. కృత్తికలను అరబ్బీలో సురయ్యా అంటారు. ఈ సభలోనే సురయ్యా అనే పేరుగల అమ్మాయిలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారికి తమ పేరు ఆకాశంలో ఎక్కడుందో ఈ రాత్రే చూపించండి. పంచాంగంలో ఆర్ద్ర, శ్రవణం, అభిజిత్తు అని మనవాళ్లు పిలిచే నక్షత్రాలకు ప్రపంచమంతా వాడే బీటల్‌జూస్, ఆల్టెయిర్, వేగా అనే పేర్లు కూడా అరబ్బీ నుంచి వచ్చినవే. బాగ్దాదు, ఇస్ఫహాను ఖగోళజ్ఞులు రాసుకున్న పేర్లు లాటిన్ గ్రంథాల ద్వారా ఐరోపాకు చేరాయి.

పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు, సిద్ధంగా ఉండండి. రోహిణి కార్తె మే నెలాఖరులో వస్తుంది కదా, మరి అప్పుడు రోహిణి నక్షత్రం ఎందుకు కనబడదు? స్టెల్లేరియంలో ఆ తేదీ పెట్టి చూపండి. సూర్యుడు సరిగ్గా ఆ నక్షత్రం దాపున ఉంటాడు. అందుకే దానికి రోహిణి కార్తె అని పేరు, అందుకే ఆ వెలుగులో నక్షత్రం కనబడదు. రంజాను నెలవంక కోసం డాబా ఎక్కేముందు, ఆ సాయంత్రం చంద్రుడు ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటాడో కూడా ఇందులో చూసుకోవచ్చు. నెలవంకను నిర్ణయించడం ఉలమాల పని. ఎటు చూడాలో తెలుసుకోవడం మాత్రం ఏ పిల్లవాడైనా చేయవచ్చు.

మరొకటి ‘రేడియో గార్డెన్’. తెర మీద భూగోళం తిరుగుతుంది, దాని మీద పచ్చని చుక్కలు ఉంటాయి. ఏ చుక్క కిందికి వేలు తెస్తే ఆ ఊరి రేడియో అప్పటికప్పుడు వినిపిస్తుంది. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే తండ్రి కారులో ఏ రేడియో వింటూ ఉంటాడో ఇక్కడ బిడ్డ వినవచ్చు. భూగోళ పాఠం అంటే ఆ బిడ్డకు ఇక విసుగు ఉండదు.

తెలుగు వికీపీడియా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2003 డిసెంబరులో మొదలైంది. నేడు లక్షకు పైబడిన వ్యాసాలున్నాయి. మన గ్రామాల పేర్లతో కూడా పేజీలున్నాయి. జనాభా, బడులు, బస్సు సౌకర్యం వంటి వివరాలు జనగణన నుంచి తెచ్చి పెట్టారు. కానీ ఆ ఊరి మసీదు ఎప్పటిది, దర్గా ఎవరిది, పీర్ల పండుగలో ఏ ఏ కులాలవారు పాల్గొంటారు, స్వాతంత్ర్యోద్యమంలో ఆ ఊరి ముస్లింలు ఎవరు పాల్గొన్నారు అని చూస్తే, చాలాచోట్ల ఖాళీ. ఎవరో కుట్ర చేసి తొలగించినవి కావు. రాసినవారు లేరు, అంతే. వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు. అయితే ‘మా తాత చెప్పాడు’ అంటే కుదరదు. అచ్చయిన పుస్తకమో, పత్రికో, శాసనమో ఆధారం చూపాలి. ఆ నియమం మంచిదే. దాని సోదర ప్రాజెక్టు ‘వికీసోర్స్’లో సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి పుస్తకాలు ఉన్నాయి. భారత స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రను తెలుగులో గ్రంథస్థం చేసిన ఆ రచయిత, తెలుగులో రాసిన ముస్లిం కవుల, రచయితల వివరాలను ‘అక్షరశిల్పులు’ పేరుతో సంకలనం చేశారు. ఆగస్టు 15కు ఉపన్యాసం సిద్ధం చేసుకునే విద్యార్థులు ఏటా అవే నాలుగు పేర్లు వల్లించకుండా ఈ పుస్తకాలు తెరవాలి.

అబద్ధాల సంగతి కూడా చెప్పి ముందుకు వెళతాను. 2020లో కరోనా వచ్చినప్పుడు తబ్లీగీ జమాత్ పేరుతో మన మీద ఎంత దుష్ప్రచారం జరిగిందో మరచిపోలేము. కూరగాయల బండి తోసుకునేవాడిని కూడా పేరు అడిగారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. కానీ తీర్పు వచ్చేసరికి ప్రచారం ఊరూరా తిరిగిపోయింది. అటువంటి సందేశం వచ్చిన రోజే దాని నిజానిజాలు చూపగల వెబ్‌సైట్లు ఉన్నాయి. హైదరాబాదు నుంచి నడిచే ‘ఫ్యాక్ట్‌లీ’ తెలుగులోనే పరిశీలనలు ప్రచురిస్తుంది. ‘ఆల్ట్ న్యూస్’ 2017 నుంచి ఇంగ్లీషు, హిందీలలో ఈ పని చేస్తున్నది. అనుమానం కలిగిన ఫోటోను గూగుల్ లెన్స్‌లో పెడితే అది ఇంతకుముందు ఎప్పుడు, ఎక్కడ ప్రచురితమైందో చాలావరకు తెలిసిపోతుంది.

అయితే ఈ పరీక్షను మన గుంపుల్లో తిరిగే సందేశాలకు కూడా పెట్టాలి. చంద్రుడి మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అజాన్ విన్నాడని, తిరిగి వచ్చి ఇస్లాం స్వీకరించాడని నా యవ్వనం నుంచీ వింటున్నాను. ఆయన అటువంటిదేమీ జరగలేదని చెప్పాడు. అమెరికా విదేశాంగ శాఖ 1983లోనే తన రాయబార కార్యాలయాలకు ఆ మాట తెలియజేసింది. అయినా నిన్నటికి నిన్న ఒక చదువుకున్న మిత్రుడు నాకు అదే పంపాడు. మన ధర్మానికి ఈ అబద్ధపు ఊతం అవసరం లేదు. మన మీద వచ్చే అబద్ధాన్ని ఖండించే నోటితోనే మనకు అనుకూలమైన అబద్ధాన్ని పంచితే మన మాట ఎవరు వింటారు?

మోసాల గురించి తల్లులకు ఒక మాట. ‘మైనారిటీ విద్యార్థులకు స్కాలర్‌షిప్, ఈ లింకు నొక్కండి’ అని వాట్సాపులో వస్తుంది. నిజమైన దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటుంది. ఆ పోర్టల్ చిరునామా ‘జీఓవీ డాట్ ఇన్’ అనే అక్షరాలతో ముగియాలి. అది లేకపోతే ఆధార్ నంబరు గాని, బ్యాంకు ఖాతా గాని ఇవ్వకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇచ్చే మైనారిటీ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. ఆ తరగతుల పిల్లలకు దాని పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమేనని గ్రహించండి.

చివరికి, నేను ఈ సభకు రావడానికి అసలు కారణమైన విషయం.

సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఉన్నది. చాలామంది దాని పేరు చెబుతారు, తెరిచి చూసినవారు తక్కువ. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగోవంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని అది చెప్పింది. మదరసాలకు వెళ్లేవారు మూడు, నాలుగు శాతం మాత్రమేనని కూడా చెప్పింది. అంటే మన పిల్లల భవిష్యత్తు ప్రధానంగా ప్రభుత్వ బడిలోనే ఉన్నది. ఆ బడి ఎలా ఉన్నదో తెలుసుకోవడానికి ‘యూడైస్ ప్లస్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉన్నది. ప్రతి పాఠశాలకు 11 అంకెల సంఖ్య ఉంటుంది. దాని ద్వారా గాని, జిల్లా, మండలం ఎంచుకుని గాని వెతికితే ఆ బడిలో పిల్లలెందరు, ఉపాధ్యాయులెందరు, ఏ మాధ్యమం, మరుగుదొడ్లు ఉన్నాయా, కరెంటు ఉన్నదా అనేవి కనిపిస్తాయి. ఉపాధ్యాయులకు ఇది నివేదికలు నింపే బాధ. కార్యకర్తలకు మాత్రం ఆయుధం. వెబ్‌సైటులో ఇద్దరు ఉపాధ్యాయులని ఉండి బడిలో ఒక్కరే కనిపిస్తే, సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, పైస్థాయికి 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ముప్పై ఏళ్లు కార్యాలయంలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ఎవరూ అడగని కాగితం కదలదు.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఈమధ్య ఒక కొత్త వాదం వినిపిస్తున్నది. ఒక అధికారి నాతోనే అన్నారు: “ఇప్పుడు అన్నీ ఆన్‌లైనులో ఉన్నాయి కదండీ, ఉర్దూ టీచరు లేకపోతే ఏం, వీడియోలు చూపించండి.” ఆయన దురుద్దేశంతో అనలేదు, నిజంగానే నమ్మి అన్నారు. అందుకే అది మరింత ప్రమాదం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతున్నది. ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఈ రెండిట్లోనూ వీడియో అనే మాట లేదు. నేను ఇంతసేపు చెప్పిన వెబ్‌సైట్లన్నీ ఉపాధ్యాయుడి చేతిలో పెట్టవలసిన పనిముట్లు. ఆయన కుర్చీలో కూర్చోబెట్టవలసినవి కావు. రేఖ్తాలో వేలు ఆనిస్తే మాటకు అర్థం వస్తుంది. కానీ అలిఫ్‌కూ లామ్‌కూ తేడా తెలియని ఆరేళ్ల పాప వేలు పట్టుకుని రాయించేవారు కావాలి. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. పరికరం ఇంటికి చేరింది. అందులో ఏం చదవాలో పక్కన కూర్చుని చెప్పే మనిషి ఎన్ని ఇళ్లకు చేరారు?

కాబట్టి మనకు రెండు పనులున్నాయి. ఉర్దూ ఉపాధ్యాయ ఖాళీల మీద అర్జీ తయారుచేయాలి. అందుకు యూడైస్ వివరాలు మూడు నియోజకవర్గాల నుంచీ కావాలి. ప్రతి ఊరి నుంచి ఒక యువకుడు, ఒక యువతి బాధ్యత తీసుకుని తమ బడి పేజీని అచ్చు తీసి, బడికి స్వయంగా వెళ్లి సరిచూసి, తేడాలను ఎర్ర సిరాతో గుర్తించి నాకు ఇవ్వాలి. ముసాయిదా నేను రాస్తాను. అర్జీలు రాయడం నాకు చేతనైన పని.

రెండోది, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే హాలులో ఫోనులు పట్టుకుని కూర్చుందాం. ఈరోజు చెప్పిన వెబ్‌సైట్ల పేర్లు ఒక కాగితం మీద తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేయించాను, బయట బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఆ రోజు మొదటి రెండు వరుసలు ఆడపిల్లలకు. అన్నలు ఎవరైనా తమ ఫోను చెల్లెలి చేతికిచ్చి పంపితే చాలు, వారు రాకపోయినా ఫరవాలేదు. చార్జింగు నింపి పంపండి. ఈ హాలులో ప్లగ్గులు రెండే ఉన్నాయి.